రూటర్ పై అంతస్తులో, సర్వర్ కింది పోర్షన్‌లో

నల్లగొండలో మేము అద్దెకుంటున్న ఇంట్లో నెట్ కనెక్షన్ ఓనర్ పేరు మీద ఉంది. రూటర్ పై అంతస్తులో, వాళ్ల హాల్లో టీవీ పక్కన గోడకు బిగించి ఉంటుంది. అక్కడి నుంచి ఒక నీలం రంగు లాన్ కేబుల్ కిటికీలోంచి కిందికి దిగి మా పోర్షన్‌లోకి వస్తుంది. నెట్ డబ్బులు అద్దెతో పాటే ఇచ్చేస్తాం. ఆ కేబుల్ చివర ఒక పాత ల్యాప్‌టాప్, దానికి తగిలించిన 2 టీబీ హార్డ్ డిస్క్. మా ఇంటి సర్వర్ అంటే అంతే. చెల్లె పెళ్లి ఫొటోలు, వీడియోలు, దేవరకొండ దగ్గరి పొలం కాగితాల స్కాన్‌లు, పాత పహాణీ నకళ్లు, అమ్మ ఆపరేషన్ రిపోర్టులు అన్నీ అందులోనే ఉన్నాయి. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీలో పెళ్లి వీడియో ఒక్కటి కూడా పట్టదు. అందుకే ఈ ఏర్పాటు.

చెల్లె పాలమూరులో ఉంటుంది, తమ్ముడు హైదరాబాద్‌లో. "అన్నా, ఆ ఫొటోలు జర పంపరాదే" అని చెల్లె అడిగినప్పుడల్లా పెన్‌డ్రైవ్‌లో వేసి అటు పోయేవాళ్ల చేతికిచ్చేవాణ్ని. సర్వర్ ఇంట్లో నడుస్తూనే ఉంది, నెట్ ఉంది, వాళ్ల చేతుల్లో ఫోన్లు ఉన్నాయి. అయినా ఫైలు మాత్రం పెన్‌డ్రైవ్‌లో బస్సెక్కి పోవాల్సి వచ్చేది.

ఎవరిని అడిగినా మొదట చెప్పేది ఒకటే: రూటర్‌లో లాగిన్ అయి పోర్ట్ ఫార్వర్డింగ్ పెట్టుకో. ఆ మాట పట్టుకుని పైకి వెళ్లి ఓనర్‌ను అడిగాను. "దాని జోలికి పోకుండ్రి సారూ. పాస్‌వర్డు కేబుల్ ఆయన దగ్గర్నే ఉంటది. మా పిల్లగాడు రాత్రిపూట ఆన్‌లైన్ క్లాసులు ఇంటడు, నెట్ బందైతే మళ్లొక టెన్షన్" అన్నాడు. ఆయన మాటలో తప్పేమీ లేదు. కనెక్షన్ ఆయనది, అందులో ఏదైనా చెడితే తిప్పలు పడేదీ ఆయనే. అద్దె ఇళ్లలో, హాస్టళ్లలో, పీజీల్లో ఉండేవాళ్ల పరిస్థితి దాదాపు ఇదే. తర్వాత తెలిసిందేమంటే, ఆ పాస్‌వర్డు నా చేతికి వచ్చినా పని అయ్యేది కాదు. ఎందుకో అర్థం కావాలంటే రూటర్ అసలు చేసే పనేమిటో చూడాలి.

పాతికేళ్ల కిందటి ఊరిని ఒకసారి గుర్తుకు తెచ్చుకోండి. ఊరందరికీ కలిపి బస్టాండు దగ్గర ఒక ఎస్టీడీ బూత్ ఉండేది. పాలమూరు పల్లెల్లో బొంబాయికో పుణెకో పనికి పోయినవాళ్లు లేని వాడ ఉండేది కాదు. ఊళ్లో ఉన్న తల్లి బూత్‌కు వచ్చి బొంబాయికి ఫోన్ చేయాలంటే ఇబ్బంది లేదు. నంబరు కలిస్తే చాలు, తన మాట అటు పోతుంది, కొడుకు జవాబు అదే లైన్లో ఇటు వస్తుంది. అదే కొడుకు తనంతట తాను ఫోన్ చేస్తే మోగేది బూత్‌లో. అది ఎవరి ఇంటి కోసం వచ్చిన ఫోనో బూత్ ఆయనకు తెలియదు.

రూటర్ కూడా అటువంటి బూతే. ఇంట్లోని ఫోన్లకు, టీవీకి, ల్యాప్‌టాప్‌కు అది 192.168తోనో మరోదానితోనో మొదలయ్యే లోపలి నంబర్లు ఇస్తుంది. ఆ నంబర్లు లక్షల ఇళ్లలో అవే ఉంటాయి, గడప దాటితే చెల్లవు. బయటి ప్రపంచానికి మొత్తం ఇంటికి కలిపి కనిపించేది ఒకే నంబరు. మన ల్యాప్‌టాప్ యూట్యూబ్‌ను ఏదైనా అడిగితే, ఫలానా మిషన్ ఫలానా పోర్టు (ఒకే చిరునామాకు ఉండే తలుపుల్లో ఒకదాని నంబరు) గుండా ఫలానా చోటికి పోయింది అని రూటర్ ఒక పట్టికలో రాసుకుంటుంది. జవాబు రాగానే పట్టిక చూసి సరైన మిషన్‌కు అందిస్తుంది. పట్టికలో లేని పిలుపు బయటి నుంచి వస్తే, ఎవరికివ్వాలో తెలియక అక్కడే వదిలేస్తుంది. ఈ పద్ధతినే నాట్ అంటారు. పోర్ట్ ఫార్వర్డింగ్ అంటే బూత్ ఆయనతో "ఫలానా గుర్తుతో ఫోన్ వస్తే మా ఇంటికి కలుపు" అని ముందే మాట్లాడిపెట్టుకోవడం. బూత్ ఆయన ఒప్పుకోకపోతే ఆ దారి అక్కడికే ఆగిపోతుంది.

మా ఇంటి విషయంలో ఇంకో చిక్కు కూడా ఉంది. ఆ ఒక్క బూత్‌తో కథ అయిపోవడం లేదు. ఇంటర్నెట్ మొదట్లో పెట్టుకున్న ఐపీవీ4 చిరునామాలు 32 బిట్లవి. లెక్క వేస్తే మొత్తం సుమారు 429 కోట్లు, ప్రపంచ జనాభా కంటే తక్కువ. 2011 ఫిబ్రవరిలో కేంద్ర నిల్వలోని ఆఖరి గుత్తులను ప్రాంతీయ సంస్థలకు పంచేశారు. అదే ఏడాది ఏప్రిల్ నాటికి మన ఆసియా పసిఫిక్ ప్రాంతపు నిల్వ కూడా అడుగంటి, పంపకం రేషన్ దుకాణం పద్ధతికి వచ్చింది. ఆ తర్వాత నెట్ వ్యాపారంలోకి వచ్చిన చిన్న కేబుల్ ఆపరేటర్ ప్రతి ఇంటికీ ఒక్కో చిరునామా ఎక్కడి నుంచి తెస్తాడు? చాలా ఇళ్లను కలిపి ఒకే చిరునామా వెనక కూర్చోబెట్టాడు. అంటే ఇంటి రూటర్ మీద ఆయన ఆఫీసులో ఇంకో పెద్ద రూటర్, అందులో ఇంకో పట్టిక. దీని పేరు సీజీనాట్. ఈ పనికోసమే 2012లో 100.64.0.0 నుంచి 100.127.255.255 వరకు ఉన్న సుమారు 42 లక్షల నంబర్లను విడిగా పక్కన పెట్టారు.

మీ కనెక్షన్ ఇలా ఉందో లేదో చూడటానికి రూటర్ పాస్‌వర్డు అక్కర్లేదు. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ట్రేసర్ట్ అనే కమాండ్‌తో 8.8.8.8 అనే గూగుల్ సర్వర్ దాకా దారి చూపించమనండి. లినక్స్‌లో అదే పని ట్రేస్‌రూట్ చేస్తుంది. మొదటి వరుసలో కనిపించేది ఇంటి రూటర్. రెండో వరుస మీద కన్నేయండి. మా ఇంట్లో అది 100.72తో మొదలైంది. అక్కడ 100.64కూ 100.127కూ మధ్య నంబరు కనిపిస్తే సీజీనాట్ ఉన్నట్టే అనుకోవచ్చు. 10తో మొదలైతే కూడా గట్టిగా అనుమానించాల్సిందే. అలాంటి చోట ఓనర్ దయతలచి రూటర్ తెరిచి ఇచ్చినా, పోర్ట్ ఫార్వర్డింగ్ కింది బూత్‌లో మాత్రమే పనిచేస్తుంది. బయటి పిలుపు పై బూత్ దగ్గరే ఆగిపోతుంది. డైనమిక్ డీఎన్‌ఎస్ పెట్టుకుంటే సరిపోతుందని కొందరంటారు. అది మారే నంబరుకు ఒక పేరు తగిలించే సదుపాయం మాత్రమే. నంబరే మనది కానప్పుడు పేరు పెట్టి లాభం లేదు.

ఐపీవీ4 తర్వాత వచ్చిన కొత్త చిరునామాల పద్ధతి ఐపీవీ6 సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. అందులో చిరునామాలకు కొరత లేదు, ప్రతి మిషన్‌కు సొంత నంబరు దొరుకుతుంది. జియో లాంటి మొబైల్ నెట్‌వర్క్‌లలో అది ఎప్పటి నుంచో నడుస్తోంది. కానీ ఇంటి రూటర్లు మామూలుగా బయటి నుంచి వచ్చే ఐపీవీ6 పిలుపులను ఫైర్‌వాల్‌తో అడ్డుకుంటాయి. ఆ అడ్డు తీయాలంటే మళ్లీ రూటర్‌లోకే పోవాలి. పైగా చాలా లోకల్ కేబుల్ కనెక్షన్లలో ఐపీవీ6 ఇంకా ఇవ్వనే లేదు.

మరి దారేది? ఆ రోజుల్లో బొంబాయి కొడుకు, ఊళ్లో తల్లి ఏం చేసేవాళ్లో అదే. "ఆదివారం పొద్దున పది గంటలకు బూత్ కాడ ఉంటా" అని ముందే మాట అనుకునేవాళ్లు. ఇంట్లోని మనిషి తానే కదిలి బూత్ దాకా వచ్చి నిలబడితే, బయటి నుంచి వచ్చే పిలుపు అందుతుంది. సర్వర్ విషయంలోనూ కిటుకు ఇదే. బయటివాళ్లు లోపలికి రావడానికి తలుపు తెరవాలని అందరం అనుకుంటాం. అక్కర్లేదు. లోపలి నుంచి బయటికి పోయే తలుపు ఎప్పుడూ తెరిచే ఉంది, లేకపోతే యూట్యూబే నడవదు. సర్వరే ముందుగా బయటికి పోయి ఒక చోట లైన్ పట్టుకుని కూర్చుంటే చాలు. రూటర్ దృష్టిలో అది మామూలు జవాబుల రాకపోకే. ఇంటి రూటర్ ఎవరిదైనా, దాని మీద ఇంకెన్ని రూటర్లున్నా ఇది పనిచేస్తుంది.

దీన్ని అమలు చేసే పద్ధతులు చాలా ఉన్నాయి. పేర్లు చూసి తికమక పడకుండా ఒక్క ప్రశ్న వేసుకోండి: ఆ ఫైలు తెరిచేవాళ్లు ఎవరు? ఇంటివాళ్లేనా, లింకు పట్టుకున్న ఎవరైనానా?

ఇంటివాళ్లకైతే నేను టెయిల్‌స్కేల్ అనే యాప్ వైపే మొగ్గుతాను. జీరోటైర్ కూడా ఇదే జాతిది. టెయిల్‌స్కేల్ లోపల నడిచేది వైర్‌గార్డ్. 2020 మార్చిలో లినక్స్ కెర్నెల్ 5.6తో పాటే అందులో చేరిన, చిన్నదీ చొరబడటానికి కష్టమైనదీ అయిన వీపీఎన్, అంటే మన మిషన్ల మధ్య తాళం వేసిన ప్రైవేటు దారి. సర్వర్‌లో టెయిల్‌స్కేల్ వేసి, జీమెయిల్ ఖాతాతో లాగిన్ అయ్యాను. చెల్లె ఫోన్లో, తమ్ముడి ల్యాప్‌టాప్‌లో అదే యాప్ వేయించి వాళ్లను కలుపుకున్నాను. ప్రతి మిషన్‌కు 100తో మొదలయ్యే ఒక నంబరు వచ్చింది. సీజీనాట్‌కు కేటాయించిన ఆ శ్రేణినే వీళ్లూ వాడుకుంటారు. ఇక చెల్లె తన ఫోన్ బ్రౌజర్‌లో ఆ నంబరు కొడితే మా ఇంటి సర్వర్ తెరుచుకుంటుంది. సర్వర్‌లో ఫొటోలు చూపించడానికి ఇమ్మిచ్, కాగితాలకు నెక్స్ట్‌క్లౌడ్ అనే ప్రోగ్రాములు పెట్టాను. యాప్ లేనివాళ్లకు ఆ నంబరుతో ఏ పనీ జరగదు, వాళ్లకు అసలు అది కనిపించదు.

రెండు వైపులా బూత్‌లే ఉన్నప్పుడు ఇద్దరూ ఎలా కలుస్తారన్నదే ఇందులో నాకు బాగా నచ్చిన భాగం. మధ్యలో అందరికీ అందుబాటులో ఉండే ఒక సర్వర్ ఉంటుంది. మన మిషన్లు రెండూ దానితో మాట్లాడి, "నేను బయటికి ఏ నంబరుతో, ఏ పోర్టుతో కనిపిస్తున్నాను" అని తెలుసుకుంటాయి. ఆ వివరాలు ఒకరికొకరు అందజేసుకుని, ఒకే సమయంలో ఇద్దరూ అవతలివాళ్ల వైపు ఒక పలకరింపు పంపుతారు. నాది బయటికి పోతూ మా రూటర్ పట్టికలో ఒక వరుస రాయించింది, చెల్లెది పోతూ వాళ్ల రూటర్ పట్టికలో రాయించింది. ఇప్పుడు తన పలకరింపు మా రూటర్‌కు చేరితే అది అడిగిన దానికి వచ్చిన జవాబులాగే కనిపిస్తుంది, లోపలికి వదిలేస్తుంది. దీన్ని హోల్ పంచింగ్ అంటారు. ఆ వరుస కొద్ది క్షణాలు కదలిక లేకపోతే చెరిగిపోతుంది కాబట్టి మధ్యమధ్యలో ఖాళీ పలకరింపులు పోతుండాలి. వైర్‌గార్డ్‌ను సొంతంగా పెట్టుకునేవాళ్లకు 25 సెకన్లకొకసారి అని సలహా ఇచ్చేది అందుకే.

ప్రతిసారీ ఇది కుదరదు. కొన్ని రూటర్లు, ముఖ్యంగా కొన్ని సీజీనాట్ పెట్టెలు, ఒక్కో గమ్యానికి ఒక్కో కొత్త పోర్టు వాడతాయి. మధ్య సర్వర్‌కు కనిపించిన పోర్టు చెల్లెకు పనికిరాదు. అప్పుడు టెయిల్‌స్కేల్ తన రిలే గుండా, అంటే మధ్యలో ఉండి చేరవేసే తన సర్వర్ గుండా, మాటలు దాటిస్తుంది. సర్వర్‌లో టెయిల్‌స్కేల్ స్టేటస్ అనే కమాండ్ ఇస్తే పక్కనే డైరెక్ట్ అనో రిలే అనో రాసి ఉంటుంది. ఒకరోజు సాయంత్రం ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, చెల్లెతో ఒక్కొక్కటీ మార్పిస్తూ చూశాను. వాళ్లింటి వైఫైలో ఉన్నప్పుడు డైరెక్ట్ అని వచ్చింది. "ఇప్పుడు వైఫై తీసేసి మొబైల్ డేటా పెట్టుకో" అన్నాను. బెంగళూరు రిలే అని మారింది, వీడియో ఆగి ఆగి ఆడటం మొదలైంది. రిలేలో పోయినంత మాత్రాన మధ్యవాళ్లు ఫైళ్లు చూడగలరని కాదు. తాళాలు మన రెండు మిషన్లలోనే ఉంటాయి, రిలే మూసిన కవరును చేతులు మారుస్తుంది అంతే. దెబ్బ తగిలేది వేగం మీదే. మా అప్‌లోడ్ 30 ఎంబీపీఎస్. 4 జీబీ వీడియో నేరుగా పోతే సుమారు 18 నిమిషాలు. రిలేలో 4 ఎంబీపీఎస్‌కు పడిపోతే రెండు గంటలు దాటుతుంది. ఇక్కడ చూడాల్సింది అప్‌లోడ్ వేగం, ప్లాన్ కాగితం మీద పెద్దక్షరాల్లో కనిపించే డౌన్‌లోడ్ వేగం కాదు. మన ఇంటి నుంచి ఫైలు బయటికి పోతోంది కదా.

టెయిల్‌స్కేల్‌తో నాకు తగిలిన దెబ్బ ఒకటి చెప్పాలి. చెల్లె వాళ్ల గృహప్రవేశానికి పాలమూరు వెళ్లాం. బంధువులంతా కూర్చున్నారు, పెళ్లి ఫొటోలు టీవీలో పెట్టమన్నారు. సర్వర్ అందలేదు. ఇంట్లో ఉన్న అమ్మకు ఫోన్ చేస్తే ల్యాప్‌టాప్ లైట్లు వెలుగుతూనే ఉన్నాయంది, నెట్ కూడా వస్తోందంది. రెండు రోజుల తర్వాత నల్లగొండకు వచ్చి చూస్తే, లాగిన్ గడువు తీరిపోయింది. మామూలుగా ఆ తాళానికి 180 రోజుల ఆయుష్షు పెడతారు, తర్వాత మళ్లీ లాగిన్ కావాలి. ఫోన్‌కైతే అది మంచిదే. మూలన కూర్చున్న సర్వర్‌కు మాత్రం, మనం ఊళ్లో లేనప్పుడే ఆ గడువు ముగియొచ్చు. టెయిల్‌స్కేల్ వెబ్ పేజీలో ఆ ఒక్క మిషన్‌కు గడువు తీసేసే ఎంపిక ఉంటుంది. పెట్టుకున్న రోజే అది చేసేయండి.

ఇక లింకు కొడితే ఎవరికైనా తెరుచుకోవాలి అనుకుంటే లెక్క మారుతుంది. పెళ్లి ఆల్బమ్ చూడటానికి మా పెద్దమ్మను యాప్ వేసుకో, లాగిన్ అవ్వు అంటే కుదిరే పని కాదు. ఆమెకు వాట్సాప్‌లో ఒక లింకు పోవాలి, నొక్కితే ఫొటోలు రావాలి. క్లౌడ్‌ఫ్లేర్ అనే కంపెనీ ఇచ్చే క్లౌడ్‌ఫ్లేర్ టన్నెల్ దీనికి పనికొస్తుంది. సర్వర్‌లో క్లౌడ్‌ఫ్లేర్‌డీ అనే చిన్న ప్రోగ్రాం నడుస్తూ, తానే బయటికి పోయి క్లౌడ్‌ఫ్లేర్‌తో లైన్ పట్టుకుని ఉంటుంది. పెద్దమ్మ లింకు నొక్కితే ముందు క్లౌడ్‌ఫ్లేర్‌కు చేరి, అక్కడి నుంచి ఆ లైన్ గుండా మా ఇంటికి వస్తుంది. సొంత డొమైన్ పేరు ఒకటి కొనుక్కోవాలి.

దీనికి మూడు షరతులున్నాయి. ఒకటి, ఎన్‌క్రిప్షన్ క్లౌడ్‌ఫ్లేర్ దగ్గర విప్పి మళ్లీ కడతారు. అంటే లోపల ఏం పోతోందో సూత్రప్రాయంగా వాళ్లు చూడగలరు. పెళ్లి ఫొటోలకు నాకు అభ్యంతరం లేదు, అమ్మ రిపోర్టులను మాత్రం ఆ దారిన పెట్టను. రెండు, ఉచిత ప్లాన్‌లో ఒక్కసారికి 100 ఎంబీ మించి అప్‌లోడ్ చేయనివ్వదు. మూడు, పెద్ద పెద్ద వీడియోలను ఆ దారిన ప్రసారం చేయడానికి వాళ్ల నిబంధనలు అనుకూలంగా లేవు. వీటికి ఇష్టపడకపోతే టెయిల్‌స్కేల్‌లోనే ఫనల్ అనే సదుపాయం ఉంది. డొమైన్ కొనక్కర్లేదు, పేరు వాళ్లే ఇస్తారు. ఎన్‌క్రిప్షన్ విడిపోయేది మన మిషన్‌కు చేరాకే. వేగానికి మాత్రం పరిమితి ఉంటుంది. ఆల్బమ్ చూపించడానికి చాలు, సినిమా సైజు ఫైళ్లకు చాలదు.

ఎవరి సేవ మీదా ఆధారపడను అనేవాళ్లు నెలకు కొద్ది మొత్తంతో ఒక వీపీఎస్, అంటే ఏదో కంపెనీ దగ్గర నడిచే చిన్న సర్వర్, అద్దెకు తీసుకోవచ్చు. దానికి సొంత పబ్లిక్ నంబరు ఉంటుంది. ఇంటి సర్వర్ ఎస్‌ఎస్‌హెచ్ రివర్స్ టన్నెల్‌తోనో వైర్‌గార్డ్‌తోనో దానికి లైన్ కలుపుకుంటుంది. వచ్చినవాళ్లు వీపీఎస్ తలుపు తడతారు, అది మన ఇంటికి పంపుతుంది. లినక్స్ కమాండ్లతో చనువున్నవాళ్లకు మంచి దారి. మిగతావాళ్లు దీని జోలికి పోకపోవడమే మేలు. ఆ వీపీఎస్ అప్‌డేట్లు, ఫైర్‌వాల్ అన్నీ మన మీదే పడతాయి.

చాలామందికి అసలు ఇంత అవసరం ఉండదు. ఒకే ఒక్క ఫైలు ఒక్కసారి పంపాలంటే క్రాక్, మ్యాజిక్ వార్మ్‌హోల్ లాంటి చిన్న ప్రోగ్రాములు చాలు. ఇటువాళ్లు పంపితే మూడు నాలుగు మాటల కోడ్ వస్తుంది. అది ఫోన్లో చదివి వినిపిస్తే అటువాళ్లు టైప్ చేస్తారు, ఫైలు పోతుంది, లైన్ తెగిపోతుంది. ఒకే ఫోల్డర్ రెండిళ్లలోనూ ఉండాలంటే సింక్‌థింగ్ ఉంది. దానికి లింకులు, ఖాతాలు అక్కర్లేదు. కానీ జాగ్రత్త, ఇక్కడ ఫైలు తీసేస్తే అక్కడా పోతుంది. పాత ప్రతులు దాచే సెట్టింగ్ ముందే పెట్టుకోండి.

ఇంతవరకు ఎలా తెరవాలో చెప్పాను. తెరిచినదాన్ని కాపాడుకోవడం గురించి ఇంకొంచెం గట్టిగా చెప్పాలి. రూటర్ ఇన్నాళ్లూ బయటి పిలుపులను వదిలేస్తోందంటే, మనకు తెలియకుండానే ఒక కాపలా ఉన్నట్టు. టన్నెల్ ఆ కాపలాను దాటించి నేరుగా సర్వర్ దాకా దారి వేస్తుంది. 2017 మేలో ప్రపంచమంతా పాకిన వన్నాక్రై, విండోస్ ఫైల్ షేరింగ్‌లోని లోపం పట్టుకునే చొరబడింది. 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ అనే రాన్సమ్‌వేర్, నెట్‌కు నేరుగా తెరిచి పెట్టిన క్యూనాప్ కంపెనీ నాస్ పెట్టెల్లోని (ఇంటి నెట్‌వర్క్‌కు తగిలించే డిస్క్ పెట్టెలు) ఫైళ్లకు తాళం వేసి డబ్బులడిగింది. ఆ పెట్టెల్లో ఉన్నవి కూడా ఇంటి ఫొటోలు, కాగితాలే. అందుకే విండోస్ షేర్ ఫోల్డర్‌ను గానీ ఫైళ్లు పంపే పాత తరహా ఎఫ్‌టీపీని గానీ పబ్లిక్ లింకుగా ఎప్పుడూ పెట్టకండి. అవి టెయిల్‌స్కేల్ లాంటి ప్రైవేటు దారి లోపలే ఉండాలి.

ఈ లింకు మా ఇంటివాళ్లకే తెలుసు కదా, ఇంకెవరు చూస్తారు అనుకునేరు. హెచ్‌టీటీపీఎస్ కోసం సర్టిఫికెట్ తీసుకోగానే ఆ పేరు అందరూ చూడగలిగే పట్టీల్లోకి ఎక్కుతుంది. వాటిని గాలించే ప్రోగ్రాములు వెంటనే వచ్చి తలుపు తట్టి చూస్తాయి. నేను పబ్లిక్ లింకు పెట్టిన సాయంత్రమే లాగ్‌లో ముక్కూ మొహం తెలియని చోట్ల నుంచి లాగిన్ ప్రయత్నాలు కనిపించాయి. ఆ రోజే మూడు పనులు చేశాను. పబ్లిక్ లింకుకు పెళ్లి ఆల్బమ్ కాపీ ఒక్కటే చూపించి, అది కూడా చదవడానికి మాత్రమే అన్నట్టు పెట్టాను. పొలం కాగితాలు, రిపోర్టులు ప్రైవేటు దారికే వదిలాను. టెయిల్‌స్కేల్‌కు వాడే జీమెయిల్‌కు టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టాను. ఎందుకంటే ఆ మెయిల్ ఎవరి చేతిలో పడితే ఇంటి సర్వర్ దారి వాళ్ల చేతిలో పడ్డట్టే. వీటికి తోడు డిస్క్‌కు ఒక కాపీ తమ్ముడి దగ్గర హైదరాబాద్‌లో ఉంది. ఒకే డిస్క్‌ను నమ్ముకుంటే, ఏ హ్యాకర్ రాకపోయినా అది ఒకరోజు తనంతట తానే చెడిపోతుంది.

ఇంకో విషయం. ఈ పద్ధతులకు రూటర్ ఓనర్ సాయం అక్కర్లేదు కాబట్టి ఆయనకు చెప్పక్కర్లేదు అనిపించవచ్చు. చెప్పాలి. కనెక్షన్ ఆయన పేరు మీద ఉంది, మా సర్వర్ నుంచి ఏది బయటికి పోయినా ఆ పేరు మీదే పోతుంది. నెలకు ఇంత అని ఎఫ్‌యూపీ ఉన్న చోట మన అప్‌లోడ్‌లు కూడా అందులోంచే తరుగుతాయి. నేను పైకి వెళ్లి చెల్లె ఫోన్లో ఫొటోలు ఎలా వస్తాయో చూపించి, రూటర్‌ను ముట్టుకోలేదని చెప్పాను. మా పెద్ద అప్‌లోడ్‌లు వాళ్ల పిల్లవాడి క్లాసులు అయ్యాక రాత్రి పదకొండు తర్వాతే నడిచేలా పెట్టాను. ఆఫీసులో, కాలేజీ హాస్టల్‌లో ఐతే అడగకుండా అసలు పెట్టకండి. అక్కడి నెట్‌వర్క్ చూసుకునేవాళ్లకు ఇది చాటుగా తవ్విన సొరంగంలాగే కనిపిస్తుంది, వాళ్లు అలా అనుకోవడం సబబే.

చివరికి మిగిలింది కరెంటు. ఎండాకాలంలో కరెంటు పోయినప్పుడల్లా సర్వర్ దూరమయ్యేది. ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంది కాబట్టి అది గంటసేపు నడుస్తూనే ఉంటుంది. మూత వేసినా నిద్రపోకుండా సెట్టింగ్ మార్చి పెట్టాను. ఆగిపోయేది పైన ఉన్న రూటర్. ఇన్వర్టర్ లైన్ ఆ ప్లగ్ దాకా లేదు. 12 వోల్టుల రూటర్లకు పనికొచ్చే మినీ యూపీఎస్‌లు దొరుకుతాయి, అరచేతిలో పట్టేంత ఉంటాయి. ఒకటి కొని, అడాప్టర్ మీద రాసిన వోల్టులు, ఆంప్స్ సరిచూసుకుని, పైకి తీసుకెళ్లి ఓనర్‌కు ఇచ్చాను. ఆయన అటూ ఇటూ తిప్పి చూశాడు. "గిది పెడితే మా పిల్లగాని క్లాసు కూడ ఆగదు గదా సారూ" అన్నాడు. ఆగదన్నాను. కుర్చీ తెచ్చి రూటర్ కింద వేసి, "మీరే ఎక్కి పెట్టుండ్రి" అన్నాడు.